పాలిమర్లు, జీవపదార్థాలు, కాంతిశాస్త్రం: మూడు దారులా, ఒకే దారా?

పుట్టపాక_నేత (ప్రశ్న)

పెద్దలందరికీ నమస్కారం. నేను నల్లగొండలో ఎం.ఎస్సీ. రసాయన శాస్త్రం చివరి సంవత్సరం చదువుతున్నాను. మాది పుట్టపాక, ఇంట్లో రెండు మగ్గాలున్నాయి. నేను కళ్లారా చూసిన మొదటి రసాయన చర్య పట్టు ఉడకబెట్టడమే. నాయనమ్మ పెద్ద గిన్నెలో నీళ్లు కాచి, సబ్బు, సోడా వేసి, బెంగళూరు నుంచి వచ్చిన పట్టు చిలపలను కర్రకు వేలాడదీసి ఆ నీళ్లలో తిప్పుతూ ఉండేది. ముట్టుకుంటే గరుకుగా, చూస్తే వెలవెలబోయినట్టుగా ఉండే దారం కొద్దిసేపట్లో మెత్తబడి తళతళలాడేది, గిన్నెలోని నీళ్లు మాత్రం వేలికి జారేంత జిగురుగా మారేవి. ఆరిన తర్వాత తూకం వేస్తే కిలోకు దాదాపు పావు కిలో తగ్గేది. ఇంట్లో దాన్ని బంక పోవడం అంటారు. ఆ బంక సెరిసిన్ అనే ప్రొటీన్ అనీ, మిగిలే మెరుపు దారం ఫైబ్రాయిన్ అనే మరో ప్రొటీన్ అనీ, అది ప్రకృతి చేసిన పాలిమర్, అంటే చిన్న అణువులు ముడిపడి ఏర్పడిన పొడవాటి గొలుసు అనీ డిగ్రీలో తెలుసుకున్నప్పుడు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ తగ్గలేదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మా పెదనాయనకు వరి నూర్పిళ్లలో కంకి ముల్లు కంట్లో కొట్టుకుని, పుండై, సమయానికి మందు పడక చివరకు పువ్వు వేసింది. నల్లగుడ్డు మీద పేరుకున్న పాలచుక్కలాగా ఉంటుంది ఆ తెలుపు. కన్ను కన్నులాగే ఉంది, వెలుతురు లోపలికి పోయే దారి మాత్రం మూసుకుపోయింది. అద్దంలాంటి పొర ఎందుకు తెల్లబడుతుందనే ప్రశ్న అప్పటి నుంచి నా మనసులో ఉంది.

ఈ మధ్య రుమేనియాలో పుట్టి ఆస్ట్రేలియాలో పనిచేసిన ట్రాయన్ కిరిలా అనే పదార్థ శాస్త్రవేత్త గురించి చదివాను. ఆయన పాలిమర్లతో మొదలుపెట్టి, కృత్రిమ కార్నియా (నల్లగుడ్డు మీద ఉండే అద్దంలాంటి పొర) చేసి, ఆ తర్వాత పట్టు ఫైబ్రాయిన్ పొరల మీద కంటి కణాలను పెంచే పనికి వచ్చారు. మా ఇంటి పట్టు, మా పెదనాయన కన్ను ఒకే మనిషి పనిలో కనిపించేసరికి నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు. అయితే మా సార్‌తో ఈ మాట చెబితే, రెండు పడవల మీద కాళ్లు పెట్టడమే ప్రమాదమంటే నువ్వు మూడు పడవలు ఎక్కుతానంటున్నావు, ఏదో ఒకటి గట్టిగా పట్టుకో అన్నారు. ఆయన నా మేలు కోరే మనిషి కాబట్టి ఆ మాటను తేలికగా తీసుకోలేకపోతున్నాను. పాలిమర్లు, జీవపదార్థాలు (శరీరంలో వాడే పదార్థాలు), కాంతిశాస్త్రం అనేవి నిజంగా మూడు వేర్వేరు వృత్తులేనా? రసాయన శాస్త్రం చదివినవారు ఎక్కడ అడుగుపెడితే మిగతా రెండింటికీ చేరుకోగలరు? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పవలసిందిగా ప్రార్థన.

హైడ్రోజెల్_దేవరకొండ

అమ్మా, మాది దేవరకొండ దగ్గర పల్లె. ఇరవై ఆరేళ్లుగా నీటిని పీల్చుకుని ఉబ్బే పాలిమర్ల మీద పనిచేస్తున్నాను. మీ సార్ మాటలో నిజం ఉంది, కానీ ఆయన చూస్తున్నది పాఠ్యపుస్తకాల అట్టలను. పదార్థాన్ని చేతిలోకి తీసుకుని చూస్తే ఆ మూడూ ఎక్కడ విడిపోతాయో నాకు ఇంతవరకు కనిపించలేదు. అది నాకు ఎలా అర్థమైందో చెబుతాను.

పరిశోధనలో చేరిన మొదటి సంవత్సరం నాకు అప్పగించిన పని మెత్తని కాంటాక్ట్ లెన్సులు చేసే పదార్థాన్ని, అంటే హైడ్రాక్సీఇథైల్ మెథాక్రిలేట్ అనే మోనోమర్ (గొలుసుగా అల్లుకునే చిన్న అణువు) నుంచి వచ్చే జెల్‌ను తయారుచేయడం. మోనోమర్‌కు కొంచెం నీళ్లు, గొలుసులను ఒకదానికొకటి ముడివేసే పదార్థం కొద్దిగా, చర్యను మొదలుపెట్టే పదార్థం చిటికెడు కలిపి గాజుగొట్టంలో పోసి వేడిచేస్తే గాజులాంటి జెల్ వస్తుంది. ఇంకా మెత్తగా కావాలనుకుని ఒక రోజు నీళ్లు అరవై శాతం దాకా పోశాను. మర్నాడు పొద్దున వచ్చి చూస్తే గొట్టంలో ఉన్నది అచ్చం జున్నుముక్క. వేలితో నొక్కితే నీళ్లు కారాయి, వదిలితే మళ్లీ పీల్చుకుంది. మోనోమర్‌లో మలినం ఉందనుకుని మూడు వారాలు దాన్ని శుద్ధిచేస్తూ కూర్చున్నాను. శుద్ధిచేసిన కొద్దీ ఇంకా తెల్లని జున్నే వచ్చింది.

మలినం ఏమీ లేదు, కారణం నీళ్లే. ఈ జెల్ తనంతట తాను పట్టి ఉంచుకోగలిగే నీళ్లు సుమారు 38 నుంచి 40 శాతం. మొదటి మిశ్రమంలో అంతకు లోపు నీళ్లుంటే, గొలుసులు పెరుగుతున్న కొద్దీ ఆ నీళ్లు వాటి మధ్యే సమంగా సర్దుకుంటాయి, జెల్ పారదర్శకంగా ఉంటుంది. నీళ్లు సుమారు 45, 50 శాతం దాటితే పెరుగుతున్న పాలిమర్‌కు అన్ని నీళ్లతో పొత్తు కుదరదు. అప్పుడు పాలిమర్ ఒక పక్కకు, నీళ్లు ఒక పక్కకు విడిపోయి, పాలిమర్ చిన్నచిన్న గుండ్లుగా ఒకదానికొకటి అతుక్కుని స్పంజిలా నిలబడుతుంది. ఆ గుండ్లూ, వాటి మధ్య ఖాళీలూ కాంతి తరంగదైర్ఘ్యంతో పోల్చదగినంత పెద్దవి కావడంతో, అంటే 400 నుంచి 700 నానోమీటర్ల స్థాయికీ ఆ పైకీ చేరడంతో, లోపలికి వచ్చిన వెలుతురు అడుగడుగునా చెదిరి వెనక్కి వస్తుంది. కంటికి అది తెలుపుగా కనిపిస్తుంది. గొలుసు అదే, నీళ్లూ అవే, నీళ్లు ఎక్కడ కూర్చున్నాయన్నదే తేడా.

ఇప్పుడు మీ పెదనాయన కంటి దగ్గరకు వద్దాం. కార్నియాలో దాదాపు 78 శాతం నీళ్లే, మిగిలినదానిలో ఎక్కువ భాగం కొల్లాజెన్ అనే ప్రొటీన్ పోగులు. ఒక్కో పోగు మందం సుమారు 30 నానోమీటర్లు, పోగుకూ పోగుకూ మధ్య దూరం సుమారు 60 నానోమీటర్లు. మీ మగ్గం మీద పడుగు పోగులు అచ్చు పళ్ల మధ్య వరుస తప్పకుండా నిలిచినట్టు ఇవి కూడా క్రమంగా నిలిచి ఉంటాయి. అందువల్ల పక్కలకు చెదరవలసిన వెలుతురు తనను తాను రద్దుచేసుకుని, ముందుకు పోయేది మాత్రమే మిగులుతుందని డేవిడ్ మారిస్ 1957లో వివరించారు. గాయం మానేటప్పుడు కన్ను కొత్త కొల్లాజెన్‌ను వేస్తుంది గాని ఆ వరుసను తిరిగి తేలేదు. పోగుల మందం తప్పుతుంది, దూరాలు తప్పుతాయి, పువ్వు పడుతుంది. నా గొట్టంలోని జున్నుముక్కకూ ఆ పువ్వుకూ మూలం ఒకే జాతిది. ఇది పాలిమర్ ప్రశ్నా, జీవపదార్థ ప్రశ్నా, కాంతిశాస్త్ర ప్రశ్నా అని అడిగితే నేను విడదీసి చెప్పలేను.

మీరు చదివిన కిరిలా గారి పనిలో నాకు అన్నిటికంటే నచ్చేది ఇదే. ఆ తెల్లని స్పంజి నాలాంటి విద్యార్థికి పాడైపోయిన నమూనా, ఆయనకు అది కావలసిన వస్తువు. పెర్త్ నగరంలోని లయన్స్ ఐ ఇన్‌స్టిట్యూట్‌లో ఆయనా, సహచరులూ చేసిన కృత్రిమ కార్నియా, తర్వాత ఆల్ఫాకోర్ అనే పేరుతో వాడుకలోకి వచ్చినది, 7 మిల్లీమీటర్ల వెడల్పున్న చిన్న బిళ్ల. నడుమ భాగం తక్కువ నీళ్లతో చేసిన పారదర్శక జెల్, చూపు దాని గుండానే పోవాలి. చుట్టూ ఉన్న అంచు అదే మోనోమర్‌ను ఎక్కువ నీళ్లతో చేసిన తెల్లని స్పంజి, దాని రంధ్రాల్లోకి రోగి కంటి కణాలు పాకి వచ్చి బిళ్లను పట్టుకోవాలి. రెండింటినీ జిగురుతో అతికించలేదు, ఒకదాని గొలుసులు మరొకదానిలోకి చొచ్చుకుపోయేలా పెంచారు, అందుకే నడుమకూ అంచుకూ మధ్య బలహీనమైన అతుకు లేదు. ఇందులో కష్టాలు లేవని కాదు. కొందరు రోగుల్లో బిళ్ల చుట్టూ ఉన్న సొంత కార్నియా కరిగిపోవడం తీవ్రమైన సమస్యగా మిగిలింది. ఆ లోటును కూడా చదవండి, ఎందుకంటే కన్ను ఒప్పుకోని పదార్థం ఎంత అందమైనదైనా అది బయటే ఉండిపోతుంది.

ఇక ఈ జెల్ పుట్టుక సంగతి. చెకొస్లొవేకియాలో ఒట్టో విఖ్‌టర్లే, డ్రాహోస్లావ్ లీమ్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు శరీరంలో వాడదగిన నీటి జెల్‌ల గురించి 1960లో నేచర్ పత్రికలో ప్రకటించారు. మూసిన అచ్చుల్లో లెన్సులు పోస్తే తీసేటప్పుడు అంచులు చిరిగేవి. 1961 క్రిస్మస్ నాడు విఖ్‌టర్లే తన ఇంట్లో పిల్లల మెర్కూర్ ఆట సామాను ముక్కలతో, సైకిల్ డైనమోతో ఒక యంత్రం కట్టి, తిరుగుతున్న చిన్న అచ్చులో మోనోమర్ పోసి గట్టిపరిచారు. కుండలో మజ్జిగ గిర్రున తిరిగేటప్పుడు నడుమ గుంటపడి అంచులు పైకి లేవడం మనం చూస్తూనే ఉంటాం. అచ్చులోని ద్రవం కూడా అలాగే గుంటపడుతుంది, ఎంత వేగంతో తిప్పితే అంత లోతు, ఆ లోతే లెన్సు వంపును నిర్ణయిస్తుంది. పాలిమర్ గట్టిపడే ఆ కొద్ది నిమిషాల్లోనే లెన్సు పవర్ (వెలుతురును వంచే శక్తి) కూడా తయారైపోతుంది.

నా సలహా ఒక్కటే. చెట్టుకు వేరులాంటి మీ పునాదిని రసాయనంలో ఉండనివ్వండి. మోనోమర్‌ను శుద్ధిచేయడం, గొలుసు పొడవును నియంత్రించడం, ముడులను లెక్కపెట్టడం, నీటిని కొలవడం చేతికి రావాలి. తక్కిన రెండూ ఆ చేతిపనిని వెతుక్కుంటూ వస్తాయి.

పాలమూరు_భౌతికం

పై పెద్దమనిషి చెప్పినదంతా చదివాను, ఎంతో బాగుంది. కానీ చివరి పేరాతో నేను పూర్తిగా ఏకీభవించలేను. మహబూబ్‌నగర్‌లో పద్దెనిమిదేళ్లుగా డిగ్రీ పిల్లలకు కాంతిశాస్త్రం చెబుతున్నాను. కాంతి తనంతట తానే వెతుక్కుంటూ వస్తుందనుకుని దాన్ని పక్కన పెట్టిన రసాయన విద్యార్థులు తర్వాత ఇబ్బంది పడటం చూశాను. జెల్ తెల్లగా ఉంది అంటే సరిపోదు, ఎంత తెలుపు, ఏ రంగు వెలుతురుకు ఎంత చెదురుతోంది, నీళ్లు కొంచెం తగ్గితే ఎంత మారుతోంది అనేది కొలవగలిగినప్పుడే అది శాస్త్రం అవుతుంది. అందుకని వేరుతో పాటు కన్ను కూడా మొదటి రోజు నుంచే ఉండాలంటాను.

ఇందులో అర్థం చేసుకోవలసిన మూలసూత్రం వక్రీభవన గుణకం, అంటే ఒక పదార్థంలో వెలుతురు ఎంత నెమ్మదించి వంగుతుందో చెప్పే అంకె. వానలో తడిసిన తెల్లని నూలు చొక్కా ఒంటికి అతుక్కుని చర్మం కనిపించేంత పలచబడుతుంది కదా. పొడిగా ఉన్నప్పుడు నూలు పోగుల గుణకం సుమారు 1.5, మధ్యలో గాలిది 1. ఈ తేడా పెద్దది కాబట్టి పోగు పోగు దగ్గరా వెలుతురు చెదిరి బట్ట తెల్లగా కనిపిస్తుంది. గాలి స్థానంలో 1.33 గుణకం ఉన్న నీళ్లు చేరగానే తేడా తగ్గి, వెలుతురు ఎక్కువగా లోపలికి దిగుతుంది. తడిసిన కాంటాక్ట్ లెన్స్ జెల్ గుణకం సుమారు 1.43, కార్నియాది సుమారు 1.376, పట్టు ఫైబ్రాయిన్‌ది సుమారు 1.54. ఈ అంకెలు మీ నోటుపుస్తకం మొదటి పేజీలో రాసుకోండి. కొలవడానికి చాలా కళాశాలల్లో అబ్బే రిఫ్రాక్టోమీటర్ బీరువాలో ఉంటుంది, అడిగి బయటకు తీయించండి.

మీకు పట్టు ఇంట్లోనే ఉంది కాబట్టి ఒక ప్రయోగం చెబుతాను. అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ కాప్లాన్, ఫియొరెంజో ఒమెనెట్టో బృందాలు 2008 ప్రాంతం నుంచి కరిగించిన పట్టుతో పారదర్శకమైన పొరలు, లెన్సులు, గ్రేటింగులు (దగ్గరదగ్గర గాడులతో వెలుతురును రంగులుగా విడదీసే పలకలు) చేసి చూపించాయి. వారి పద్ధతిలో బంక తీసిన పట్టును గాఢమైన లిథియం బ్రోమైడ్ ద్రావణంలో కరిగిస్తారు, అది ఖరీదైనది. కాల్షియం క్లోరైడ్, ఇథనాల్, నీళ్లను మోల్ లెక్కన 1:2:8 పాళ్లలో కలిపి 70, 80 డిగ్రీల దగ్గర వేడిచేసినా పట్టు కరుగుతుంది, ఇవి మీ ప్రయోగశాలలోనే దొరుకుతాయి. ఆ ద్రావణాన్ని డయాలిసిస్ గొట్టంలో (చిన్న అణువులను మాత్రమే బయటకు వదిలే పొర గొట్టంలో) పోసి, నీళ్లు మారుస్తూ రెండు మూడు రోజులు ఉంచితే లవణం పోయి నీళ్లలో కరిగిన ఫైబ్రాయిన్ మిగులుతుంది. గట్టిగా కుదిపినా చిలికినా అది జెల్‌గా గడ్డకడుతుంది, చేయి నిదానంగా ఉండాలి.

ఇప్పుడు ఒక పాత సీడీ తీసుకుని, లేబుల్ ఉన్న వైపు గీత పెట్టి, టేపు అంటించి లాగితే మెరిసే పూత ఊడి వస్తుంది. ఆ పూత ఊడిన వైపున పాలికార్బొనేట్ మీద 1.6 మైక్రోమీటర్లకు ఒకటి చొప్పున గాడులుంటాయి. దానిమీద ఫైబ్రాయిన్ ద్రావణం పోసి, దుమ్ము పడకుండా మూసి, రాత్రంతా ఆరనివ్వండి. మర్నాడు అంచు పట్టి లేపితే గాడులన్నీ అచ్చుపడిన పట్టు పొర చేతికి వస్తుంది, కొంచెం వంచి చూస్తే ఇంద్రధనుస్సు రంగులు కనిపిస్తాయి. 650 నానోమీటర్ల ఎర్ర లేజర్‌ను దాని గుండా పంపితే మొదటి చుక్క దాదాపు 24 డిగ్రీల కోణంలో పడాలి. అంటే పొరకు మీటరు దూరంలోని గోడ మీద నడి చుక్కకు సుమారు 44 సెంటీమీటర్ల అవతల అన్నమాట. లేజర్‌ను ఎవరి కంటికీ సూటిగా తగలనీయకండి. చుక్క ఎక్కడ పడిందో స్కేలుతో కొలిస్తే మీ పట్టు పొర గాడులను ఎంత నిక్కచ్చిగా పట్టుకుందో తెలుస్తుంది. పొరకు కొద్దిగా తేమ తగలనిచ్చి మళ్లీ కొలవండి, ఉబ్బినందువల్ల గాడుల దూరం మారిందేమో ఆ చుక్కే చెబుతుంది. మొదటిసారి పట్టు వృథా చేయడం ఇష్టం లేకపోతే జెలటిన్‌తో చేసి చేయి సాధన చేసుకోండి.

ఇంకొక్క మాట. అలా ఆరిన పొర నీళ్లలో వేస్తే మళ్లీ కరిగిపోతుంది. దాన్ని మెథనాల్‌లో గాని గాఢమైన ఇథనాల్‌లో గాని ముంచితే గొలుసులు పక్కపక్కన మడత పలకల్లా పేర్చుకుని స్ఫటికాలవుతాయి, ఇక కరగదు. స్ఫటికాలు ఏర్పడినా పొర తెల్లబడదు, ఎందుకంటే అవి కొద్ది నానోమీటర్ల పరిమాణంలోనే ఉంటాయి. మెథనాల్ విషం, ఆవిర్లను బయటకు లాగేసే ఫ్యూమ్ హుడ్ కిందనే ఆ పని చేయండి.

మిర్యాలగూడ_చూపు

చెల్లెమ్మా, నేను శాస్త్రవేత్తను కాదు. మిర్యాలగూడలో కళ్లు పరీక్షించి అద్దాలు, లెన్సులు ఇస్తూ పదిహేనేళ్లయింది. మీ పెదనాయన సంగతి చదివి రాయకుండా ఉండలేకపోయాను. నాట్లప్పుడూ కోతలప్పుడూ అలాంటి కళ్లు ప్రతి సంవత్సరం చూస్తున్నాను. కంట్లో కొట్టుకున్న మొదటి రోజే వస్తే చాలా వాటిని కాపాడవచ్చు, ఆకుపసరు పోసుకుని వారం తర్వాత వచ్చేవారే ఎక్కువ.

పై ఇద్దరూ పారదర్శకత గురించి చెప్పారు. కన్ను అడిగేది అది ఒక్కటే కాదు. కార్నియా నడుమ రక్తనాళాలు ఉండవు, అది తనకు కావలసిన ఆక్సిజన్‌ను ఎక్కువగా గాలి నుంచే కన్నీటి పొర ద్వారా తీసుకుంటుంది. పాతరకం మెత్తని లెన్సు పెట్టుకుని రాత్రి నిద్రపోయిన పిల్లలు పొద్దున ఎర్రబడ్డ కళ్లతో, దీపం చుట్టూ వలయాలు కనిపిస్తున్నాయని వచ్చేవారు. ఊపిరాడక కార్నియా వాచి, కొంచెం మసకబారడమే దానికి కారణం. 1999 ప్రాంతం నుంచి వచ్చిన సిలికోన్ జెల్ లెన్సులతో ఆ బాధ చాలా తగ్గింది. సిలికోన్‌కు నీళ్లంటే పడదని విన్నాను, అలాంటప్పుడు నీళ్లున్న జెల్‌లో దాన్ని ఎలా కలిపారో దేవరకొండ సార్ చెబితే నేనూ తెలుసుకుంటాను.

పరిశోధన చేయబోయే మీకు నా వైపు నుంచి ఒక విన్నపం. ప్రయోగశాలలో మీ పదార్థం ఎంత బాగున్నా, ఆటోక్లేవ్‌లో సూక్ష్మజీవులను చంపే 121 డిగ్రీల ఆవిరికి తట్టుకుంటుందా, కన్నీటిలోని ప్రొటీన్లు, కొవ్వులు దానిమీద పేరుకుంటే ఏమవుతుంది, రోగి దాన్ని కుళాయి నీళ్లతో కడిగితే ఏమవుతుంది అని ఆలోచించండి. లెన్సును నీళ్లతో కడగవద్దని నేను ప్రతివారికీ చెబుతాను, అయినా కడుగుతారు, ఆ నీళ్లలోని అకాంతమీబా అనే సూక్ష్మజీవి కార్నియాను తినేస్తుంది.

హైడ్రోజెల్_దేవరకొండ

మిర్యాలగూడ మిత్రులు అడిగినది చాలా మంచి ప్రశ్న. సిలికోన్ గుండా ఆక్సిజన్ సులభంగా పోతుంది, నీళ్లను పట్టుకునే గొలుసుల గుండా లవణాలు, నీళ్లు పోతాయి. లెన్సుకు ఆక్సిజన్ కావాలి, కంటి మీద అతుక్కుపోకుండా కదలడానికి నీళ్లూ కావాలి. రెండింటినీ మామూలుగా కలిపితే నూనె, నీళ్లలా విడిపోయి నా జున్నుముక్క లాంటిదే వస్తుంది. కాబట్టి రెండు రకాల గొలుసులకూ బంధుత్వం ఉండే భాగాలను మోనోమర్‌లోనే కట్టి, విడిపోవడాన్ని ఆపకుండా, విడిపోయిన ముక్కలు మాత్రం కాంతి తరంగదైర్ఘ్యం కంటే బాగా చిన్నవిగా ఉండేలా చేశారు. ఆ ముక్కలు లెన్సు ఈ వైపు నుంచి ఆ వైపు దాకా తెగకుండా కలిసి ఉంటాయి, సిలికోన్ దారి వెంట ఆక్సిజన్, నీటి దారి వెంట లవణాలు పోతాయి, వెలుతురుకు మాత్రం ఆ రెండు దారులున్నట్టే తెలియదు. పైభాగం నీళ్లను తోసేయకుండా ప్లాస్మాతో (విద్యుత్తుతో ఉత్తేజపరిచిన వాయువుతో) పూత వేసినవి మొదట వచ్చాయి.

పాలమూరు సార్ అభ్యంతరాన్ని ఒప్పుకుంటున్నాను. నేను మూడు వారాలు మోనోమర్‌ను శుద్ధిచేస్తూ కూర్చోవడానికి కారణం, తెలుపును కొలవడం నాకు రాకపోవడమే. వేర్వేరు రంగుల వెలుతురులో ఒక్క పూట కొలిచి ఉంటే లోపల ఉన్నవి ఏ పరిమాణంలో ఉన్నాయో తెలిసేది, మలినం అనే అనుమానమే వచ్చేది కాదు.

నాగర్‌కర్నూల్_పరిశోధకుడు

అందరూ శాస్త్రం చెప్పారు కాబట్టి నేను బతుకుతెరువు చెబుతాను. పీహెచ్.డీ. పూర్తిచేసి రెండేళ్లయింది, పని పట్టు, జెలటిన్ జెల్‌ల మీద. ఒక నియామక ఇంటర్వ్యూలో నన్ను మొదట అడిగిన ప్రశ్న, నువ్వు రసాయన శాస్త్రవేత్తవా, జీవశాస్త్రవేత్తవా అని. పదార్థ శాస్త్రవేత్తనన్నాను. ప్రకటనలో ఆ శాఖ లేదని, సంబంధిత విషయం కాదని రాసి పక్కన పెట్టారు. ఆ రోజు బస్సులో ఇంటికి వస్తూ నా ఐదేళ్ల పనికి పేరే లేదా అనిపించింది. మీ సార్ భయపడేది బహుశా దీనికే, ఆ భయం ఉత్తది కాదు. అందుకని చేసే పని మూడింటి మీద ఉన్నా, పట్టా మీద మాత్రం రసాయనం అనో పాలిమర్ అనో స్పష్టమైన పేరు ఉండేలా చూసుకోండి. ఇది ఇష్టంతో చెబుతున్న మాట కాదు, అనుభవంతో చెబుతున్నది.

రసాయన శాస్త్రంలో సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష రాసి జేఆర్ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) తెచ్చుకుంటే, 2023 జనవరి నుంచి అమలైన లెక్క ప్రకారం మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, తర్వాత 42,000 రూపాయలు వస్తాయి. సొంత ఫెలోషిప్‌తో వచ్చిన విద్యార్థికి మార్గదర్శకుడిని ఎంచుకునే స్వేచ్ఛ ఎక్కువ. గేట్ పరీక్షలో రసాయన శాస్త్రంతో పాటు ఇంజనీరింగ్ సైన్సెస్ పేపర్ కూడా ఉంది, అందులో పదార్థ విజ్ఞానం, పాలిమర్ విజ్ఞానం అనే భాగాలు ఎంచుకోవచ్చు, ఎం.టెక్. వైపు వెళ్లాలనుకుంటే అది ఉపయోగం. మనకు దూరం పోవలసిన పని కూడా లేదు. హైదరాబాదులో తార్నాకలోని ఐఐసీటీ (భారత రసాయన సాంకేతిక సంస్థ)లో పాలిమర్ల మీద పాతకాలం నుంచీ పని జరుగుతోంది, కేంద్రీయ విశ్వవిద్యాలయం, కందిలోని ఐఐటీ ఉన్నాయి. ఎల్‌వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ, ఐఐటీ హైదరాబాద్, సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర కేంద్రం) శాస్త్రవేత్తలు కలిసి మనుషుల కార్నియా కణజాలం నుంచి తీసిన జెల్‌తో త్రీడీ ముద్రణ పద్ధతిలో కార్నియా చేసి, కుందేలు కంట్లో అమర్చినట్టు 2022లో ప్రకటించారు. కేరళలోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థను కూడా గుర్తుంచుకోండి. డాక్టర్ వలియత్తాన్ నాయకత్వంలో అక్కడ చేసిన గుండె కవాటంలో కదిలే పలక అతి పొడవైన గొలుసులున్న పాలిథిలీనే. 1990లో మొదటిసారి రోగికి అమర్చారు.

మార్గదర్శకుడికి రాసేటప్పుడు నాకు పాలిమర్లంటే ఆసక్తి అని రాయకండి, అలాంటి ఉత్తరాలు వారికి రోజూ వస్తాయి. బంక తీసిన పట్టు తూకం ఎంత తగ్గింది, పొర ఎంత మందం వచ్చింది, గోడ మీద చుక్క ఎక్కడ పడింది అని రాయండి. మీ ఉత్తరం చివరిదాకా చదువుతారు.

పుట్టపాక_నేత

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. దేవరకొండ సార్ జున్నుముక్క సంగతి పెదనాయనకు చదివి వినిపించాను. అయితే నా కంట్లో పోగులు చిక్కుపడ్డాయన్నమాట అన్నారు. నలభై ఏళ్లు మగ్గం నేసిన మనిషికి అంతకంటే ఎక్కువ వివరించవలసిన అవసరం రాలేదు.

మా సార్‌కు కూడా ఈ చర్చ చూపించాను. పట్టాలో రసాయనం పేరు ఉండాలన్న మాట దగ్గర తల ఊపి, రిఫ్రాక్టోమీటర్ బీరువా తాళం భౌతిక శాస్త్రం వారి దగ్గర ఉంటుంది, సోమవారం అడిగిపెడతానన్నారు. కాల్షియం క్లోరైడ్ ఉంది, డయాలిసిస్ గొట్టం హైదరాబాదు నుంచి తెప్పించాలి. అంతవరకు జెలటిన్‌తో మొదలుపెట్టాను. మొదటి పొర సీడీకి అతుక్కుని చిరిగింది, రెండోది సగం ఊడింది. ఆ సగం ముక్క మీద లేజర్ వేస్తే మీటరు దూరంలోని గోడ మీద నడి చుక్కకు రెండు పక్కలా ఒక్కో చుక్క పడింది. స్కేలుతో కొలిస్తే ఒకటి 43, ఒకటి 46 సెంటీమీటర్లు వచ్చింది. రెండు పక్కలా సమానంగా ఎందుకు లేదో, పొర గోడకు సమాంతరంగా లేకపోవడం వల్లనేనా అన్నది పాలమూరు సార్ చెప్పగలరా?